పాపకి ఏమవుతారని అడగని దరఖాస్తు

మా పాప చదివే మున్సిపల్ స్కూలు వెనక గేటుకీ మా వీధికీ మధ్య ఒక గెడ్డ ఉంది. విశాఖపట్నం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. కొండల మీద పడ్డ వాన సముద్రంలోకి పోయే దారి అది. ఊరు పెరిగి ఇళ్ళు దగ్గరికొచ్చేశాక ఇప్పుడు ఏడాదంతా అందులో మురుగే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ వాన మమ్మల్నీ వదల్లేదు. ఆ వానకి స్కూలు వైపు గట్టుగోడ కూలి గెడ్డలో పడింది. అప్పట్నుంచి పిల్లలు నడిచే బాటకి ఒక పక్క ఇళ్ళ గోడలు, ఇంకో పక్క ఏమీ లేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక చిన్నపిల్లాడు జారి పడ్డాడు. కింద పూడిక మెత్తగా ఉండబట్టి చెయ్యి విరగడంతో పోయింది.

ఈ పనుల్లోకి నన్ను లాగింది ఆ పిల్లాడి చెయ్యి. హక్కులనీ ఉద్యమమనీ అనుకుని రాలేదు. మా ఇంటి సంగతి ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు, అదే మాకు రక్ష అనుకుని బతికినవాళ్ళం.

మా ఇంట్లో ముగ్గురం. నేను ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో డాక్యుమెంట్లు చూస్తాను. తను ఒక చిన్న నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. పేర్లు రాయడం లేదు, తనని తను అనే రాస్తాను. పాప తన కూతురు. భర్తతో పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి. పాప తల్లి దగ్గర ఉండాలి, నెలలో రెండు ఆదివారాలు తండ్రి తీసుకెళ్ళొచ్చు అని కోర్టు కాగితంలో ఉంది. తనూ నేనూ 2019 నుంచి జంటగా కలిసి ఉంటున్నాం. పాప నన్ను పిన్నీ అంటుంది. వీధిలో కొందరు మమ్మల్ని అక్కచెల్లెళ్ళనుకున్నారు, కొందరు స్నేహితురాళ్ళనుకున్నారు. మేం ఎవరి మాటా దిద్దలేదు. అద్దె ఇల్లు కావాలంటే దిద్దకూడదు కూడా.

పాపకి నువ్వేమవుతావు అన్న ప్రశ్న మొదటిసారి గట్టిగా తగిలింది 2020 మే 7న. అప్పుడు గోపాలపట్నం వైపు ఉండేవాళ్ళం. తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ వదిలింది. పది మందికి పైగా పోయారు. తను నైట్ డ్యూటీలో ఉంది. నేను పాపని భుజాన వేసుకుని అందరితో పాటు ఎటో పరుగెత్తాను. కళ్ళు మండుతున్నాయి, పాప దగ్గుతోంది. ఎక్కడో ఒక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. కాగితం రాసే అతను నిద్ర లేని మొహంతో, "తల్లివా?" అన్నాడు. కాదన్నాను. "మరి?" అన్నాడు. వెనక వరస పెరిగిపోతోంది. పిన్నినన్నాను. రాసుకున్నాడు. ఆ తర్వాత మేం ఇల్లు మారాం గానీ ఆ "మరి?" మాతోనే వచ్చింది.

ఇక గోడ సంగతి. మొదటి అర్జీ వార్డు సచివాలయంలో ఇచ్చాను. కాలనీ సంక్షేమ సంఘం తరఫున ఇద్దామంటే సంఘంలో సభ్యత్వం సొంతిల్లు ఉన్నవాళ్ళకే. నేను అద్దెకున్నదాన్ని. స్కూలు తల్లిదండ్రుల తరఫున సంతకం పెడదామంటే తల్లిని కాను. తనకేమో షిఫ్టులు, పగలు నిద్ర. సరే, ఎవరి తరఫునా కాదు, నా తరఫునే అని రాశాను. రెండు పేజీలు రాశాను. పసిపిల్లల ప్రాణాలన్నాను, అధికారుల మనస్సాక్షి అన్నాను.

మా సందు చివర ఒక మాస్టారున్నారు. షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు, బడిపంతులేమీ కాదు. యూనియన్ రోజుల్లో అందరికీ అర్జీలు రాసిపెట్టేవారట, అలా మాస్టారయ్యారు. 1966లో అమృతరావు గారు ఉక్కు ఫ్యాక్టరీ కోసం నిరాహారదీక్షకి కూర్చున్నప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. ఆ కథ మొదలుపెడితే టీ చల్లారిపోవాల్సిందే. నా అర్జీ నకలు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"అర్జీలో ఏడవకూడదమ్మా. కొలతలు రాయాలి. నీ ఏడుపుకి వాళ్ళు అయ్యో అంటారు. కొలతకి జవాబు రాయాలి."

మర్నాడు పొద్దున్నే, స్కూలు తెరవక ముందు, ఇద్దరం టేపు పట్టుకుని గెడ్డ దగ్గరికెళ్ళాం. కూలిన గోడ పొడవు, మిగిలిన గోడ ఎత్తు, బాట వెడల్పు ఎక్కడ ఎంతుంది, లోతు ఎంత. లోతు కొలవడానికి తాడుకి రాయి కట్టి దించాం. బాట అన్నిటికంటే ఇరుకైన చోట నా జానకి మూడు జానలు. అక్కడ ఇద్దరు పిల్లలు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుని నిలబడాలి. నేను అంకెలు చెబుతుంటే మాస్టారు పాత డైరీలో ఎక్కించారు. పాలు తీసుకొస్తున్న మా ఇంటి ఓనరావిడ ఆగి, "ఏటమ్మా, పొద్దున్నే టేపట్టుకుని ఏటి కొలుస్తన్నావు?" అంది. చెప్పాను. పాల గిన్నె గట్టున పెట్టి టేపు రెండో కొస ఆవిడే పట్టుకుంది. ఆవిడ మనవడూ అదే బాటన వెళ్తాడు.

కొలతల అర్జీ స్పందనలో, అంటే అధికారులు సోమవారాలు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఇచ్చి నంబరు తీసుకున్నాం. కదలిక వచ్చింది కూడా. ఒకాయన వచ్చి ఫొటోలు తీసుకెళ్ళాడు. అంతలో మార్చి నెల మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చిపడింది. జూన్ దాకా ఎవరినడిగినా ఒకటే మాట: కోడ్ ఉందండీ. ప్రభుత్వం మారింది, స్పందన పేరు మారింది, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయింది. సోమవారం మాత్రం మారలేదు. మళ్ళీ వెళ్ళాం. కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది. గెడ్డ దగ్గరికెళ్ళి చూశాను. పరిష్కారం ఏమిటంటే బాట మొదట్లో రెండు వెదురు కర్రలు పాతి ఎర్ర రిబ్బను కట్టారు. అది వాళ్ళ లెక్కలో రక్షణ ఏర్పాటు. రీఓపెన్ చేయించాం.

సమాచార హక్కు దరఖాస్తు వేద్దామన్నది తను. వాళ్ళ నర్సింగ్ హోంలో ఎవరో పీఎఫ్ కోసం వేశారట. రాత్రి అన్నాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. పాప హోంవర్కు, తన బట్టల ఇస్త్రీ, నా దరఖాస్తు. ఆర్టీఐ అంటే పెద్ద వ్యవహారమనుకున్నాను. తెల్లకాగితం చాలు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయిదు రూపాయలు, ఆ పైన పది. కాపీలకి పేజీకి రెండు రూపాయలు. జవాబుకి ముప్ఫై రోజులు గడువు, రాకపోతే మొదటి అప్పీలు, దానికి ఫీజు కూడా లేదు. 2005 నాటి ఆ చట్టం చదువుతూ పోతే ఆరో సెక్షన్ రెండో భాగం దగ్గర ఆగిపోయాను. దరఖాస్తు చేసేవాళ్ళు కారణం చెప్పనక్కర్లేదు. తమని సంప్రదించడానికి అవసరమైన వివరాలు తప్ప సొంత వివరాలేవీ ఇవ్వక్కర్లేదు.

మళ్ళీ చదివి తనకి వినిపించాను. ఇస్త్రీ ఆపి వింది. స్కూల్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో, ఆ రోజుల్లో ఇంటికొచ్చిన వాలంటీరు ఫోన్లో, అంతటా సంబంధం అనే గడి ఒకటుంటుంది. అది నింపలేక నేను వెనక్కొచ్చిన చోట్లు ఎన్నో. ఇక్కడ గడే లేదు. భారత పౌరురాలిని, అంతే. పాపకి నేను చట్టప్రకారం ఏమీ కాను. ఆ గోడకి మాత్రం పది రూపాయలు పెట్టి అడగదగ్గదాన్ని. ఆ రాత్రి నాకొచ్చిన ధైర్యం అంతకుముందు ఎవరి మాటలకీ రాలేదు. ఇది కొంచెం పిచ్చిగా వినిపిస్తుందని తెలుసు.

అడిగినవి సూటిగా అడిగాం. ఈ గోడకి అంచనా వేశారా, వేస్తే దాని నకలు. మంజూరైందా, ఎప్పుడు. టెండరు పిలిచారా. గతంలో ఇదే గోడకి చేసిన పనుల ఎం-బుక్, అంటే పని కొలతలు ఎక్కించే పుస్తకం, చూడడానికి అవకాశం. ఈ చివరిది మాస్టారి ముక్క. పనులనీ రికార్డులనీ స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉందని చాలామందికి తెలీదు. మొదటి గంట ఉచితం. జవాబు గడువు దాటి వచ్చింది, అదీ అప్పీలు వేశాకే. అందులో దొంగతనమేదో బయటపడుతుందని మాస్టారు ఉత్సాహంగా ఉన్నారు. అలాంటిదేమీ లేదు. అంచనా వేశారు, మంజూరూ అయింది, టెండరు పిలిచారు, ఎవరూ రాలేదు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు చిన్న పనులకి ముందుకు రావడం లేదట. ఇంకో ముక్క కూడా ఉంది, అదే మా కొంప మీదికి తెచ్చింది: గెడ్డ మీద ఉన్న ర్యాంపులు తీస్తేనే మిషను లోపలికి దిగుతుంది, పూడిక తీస్తేనే పునాది పడుతుంది. ర్యాంపులంటే, షట్టర్ల ముందు స్కూటర్లు ఎక్కడానికి గెడ్డ మీద జనం సొంతంగా పోసుకున్న కాంక్రీటు.

ఇదంతా నడుస్తుండగానే 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికలు జరిగాయి. ప్రతి తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులని ఎన్నుకోవాలి. తనకి ఆ రోజు డ్యూటీ మారలేదు. నేను వెళ్తే గుమ్మం దగ్గర టీచరు, "అమ్మగానీ నాన్నగానీ రావాలండీ" అంది. తప్పు లేదు, ఆమెకి అలాగే చెప్పి ఉంటారు. ఈసారి నేను వెనక్కి రాలేదు. విద్యాహక్కు చట్టం రెండో సెక్షన్ ప్రింటు తీసుకెళ్ళాను. సంరక్షకులంటే బిడ్డ సంరక్షణ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు. సహజ సంరక్షకులూ కోర్టు నియమించినవాళ్ళూ ఆ మాటలోకి వస్తారు, వాళ్ళు మాత్రమే అని లేదు. ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి. హెచ్‌ఎం మేడం కాగితం చదివి, తనకి ఫోన్ చేసి, "మీ తరఫున ఈవిడ రావచ్చా?" అని అడిగారు. తను సరేనంది. "రోజూ దింపేదీ తీసుకెళ్ళేదీ ఈవిడే కదా" అని ఆవిడే అనేసి లోపల కూర్చోమన్నారు. చేతులెత్తే ఓటింగు. గోడ గొడవ చేస్తున్న ఆవిడ అని ఎవరో నా పేరు చెప్పారు. మూడో తరగతికి నేనూ ఒకదాన్నయ్యాను.

ఇంటికొచ్చి చెబితే తను సంతోషించలేదు. "ఇంకా ఎంతమందికి కనిపిస్తావు నువ్వు?" అంది. తన భయం నాకు తెలుసు. పాప కస్టడీ తనకి ఉన్నది ఒక ఒప్పందం మీద. మా సంగతి ఎవరైనా తండ్రి చెవిన వేస్తే, ఆయన కోర్టుకెళ్తే? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపడి కలిసే స్వలింగ సంబంధాలని 377 సెక్షన్ నేరంలోంచి తీసేసింది గానీ అది జైలు భయం తీసింది, పిల్ల భయం తీయలేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ పెళ్ళిళ్ళ తీర్పు ఇచ్చిన రోజు మేం ఇద్దరం సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నాం. ఆ కేసులో మొదటి పేరు హైదరాబాదులో ఉండే జంటది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. దత్తత విషయంలో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. ఆ ఒక్కరు ఇటు వచ్చి ఉంటే అని తను చాలా రోజులు అంటూనే ఉంది.

భయపడ్డట్టే అయింది. ర్యాంపు పోయే షాపుల్లో ఒకాయన స్కూలు వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట ఒక మెసేజ్ పెట్టాడు. వీధి బాగుచేయడానికి బయల్దేరినవాళ్ళు ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలనీ, మగదిక్కు లేని ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఎలా ఉంటున్నారో అందరికీ తెలుసనీ, పిల్లలకి ఇదేనా నేర్పేదనీ. కింద ఒకరు దండం పెట్టే బొమ్మ, ఒకరు నవ్వు బొమ్మ, మిగతా అందరూ నిశ్శబ్దం. కొందరు చదివి తుడిచేశారు. మర్నాడు స్కూలు దగ్గర ఇద్దరు తల్లులు నాతో మాట్లాడకుండా వెళ్ళారు. మాస్టారు వారం రోజులు కనపడలేదు. మా ఓనరావిడ మాత్రం వచ్చింది. ఇల్లు ఖాళీ చేయమంటుందని నా గుండె దడదడ. గుమ్మంలో నిలబడి, "నాకు మావోడి కాలు జారకుండా ఉంటే సాలు. అద్దె ఒకటో తారీక్కి ఇయ్యండి" అని వెళ్ళిపోయింది. మమ్మల్ని ఒప్పుకున్నట్టా కాదా? ఇప్పటికీ తెలీదు. అడగలేదు.

మాస్టారు ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు. "మీ ఇంటి సంగతి నాకు అర్థం కాదమ్మా, వయసైపోయింది. గెడ్డ సంగతి అర్థమవుతుంది. రేపు అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారు వస్తున్నారు, కొలతల కాగితం పట్టుకురా." అభిమానమంటే ఇంతకంటే తియ్యగా ఉండాలని నాకూ అనిపించింది. కానీ ఆయన మర్నాడు ఏఈ ముందు నా పక్కనే నిలబడ్డారు, షాపు ఆయన ఎదురుగా. ఆ రోజుకి అది చాలు.

అప్పుడు లాయరుని కలిశాం. డబ్బు లెక్కలు వేసుకుంటుంటే తెలిసింది, ఆడవాళ్ళకి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం ఉంటుందని, 1987 చట్టంలోని పన్నెండో సెక్షన్ ప్రకారం. మాకు దొరికిన ప్యానెల్ లాయరు మాకంటే చిన్నది. మా ఇద్దరినీ చూసి కాగితం మీద "సంబంధం" అని రాయబోయి కొట్టేసి, "చెప్పండి" అంది. చెప్పాం. ఆవిడ తీపి మాటలేమీ చెప్పలేదు. ఇద్దరు మేజర్లు కలిసి ఉండడం నేరం కాదు, దాన్ని ఎవరూ ఆపలేరు. కస్టడీ మాత్రం ఎప్పుడైనా మార్చమని అడగొచ్చు, అప్పుడు కోర్టు చూసేది బిడ్డ మేలు. స్కూలు హాజరు, డాక్టరు చీటీలు, ఇంటి వాతావరణం, అన్నీ జాగ్రత్తగా పెట్టుకోండి. తర్వాత తను గొంతు తగ్గించి అడిగిన ప్రశ్నకి జవాబే మాకు మింగుడుపడలేదు. తనకేమైనా అయితే పాప నాకు ఉంటుందా? "తండ్రి బతికున్నారు కదా. మీరు విల్లులో ఈవిడని గార్డియన్‌గా రాసినా ఆయన హక్కు పోదు." స్కూలుకీ ఆసుపత్రికీ అధికార పత్రాలు రాసుకోవచ్చు, బ్యాంకులో జాయింట్ ఖాతా తెరుచుకోవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. 2024 ఆగస్టు చివర్లో కేంద్ర ఆర్థిక శాఖ దానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది కూడా. డబ్బుకి దారి ఉంది, పిల్లకి లేదు. బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

డిసెంబరులో హైకోర్టు తీర్పు వార్త వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్ళి నర్సీపట్నం ఇంట్లో పెడితే, రెండో అమ్మాయి ఆమెని కోర్టు ముందుకి తెమ్మని హెబియస్ కార్పస్ పిటిషను వేసింది. ఆ అమ్మాయి మేజరు, తనకి నచ్చినవాళ్ళతో ఉండొచ్చు, తల్లిదండ్రులు అడ్డురాకూడదు అని కోర్టు చెప్పింది. నర్సీపట్నం అంటే మాకు బస్సు దూరం. ఢిల్లీ తీర్పుల కంటే ఇది ఎక్కువ దగ్గరగా తోచింది. లాయరమ్మ ఆ క్లిప్పింగ్ మాకు పంపి కింద ఏమీ రాయలేదు.

అదే నెల 7న స్కూళ్ళలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. మెసేజ్ తర్వాత తనూ నేనూ కలిసి స్కూలుకి వెళ్ళడం అదే మొదలు. తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడులాట. తను ముగ్గు దగ్గర కూర్చుంది. నర్సు చెయ్యి కదా, చుక్క చుక్కకీ కొలిచినట్టు దూరం. నేను ఎటు వెళ్ళాలో తెలీక వాటర్ డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. తాడుకి ఒక వైపు మనుషులు తక్కువయ్యారు. సగం మంది నాన్నలు డ్యూటీల్లో ఉన్నారు మరి. హెచ్‌ఎం మేడం మైకులో, "కమిటీ మెంబర్లు ఎవరైనా రండి" అన్నారు. పాప నన్ను వెనకనుంచి తోసింది. వెళ్ళి పట్టుకున్నాను. నా ముందున్నది చెయ్యి విరిగిన పిల్లాడి నాన్న, ఆటో నడుపుతాడు. "కాలు ఆనించండి మేడం, ఎనక్కి వాలండి" అంటూనే ఉన్నాడు. ఓడిపోయాం. అరచేతులు మండిపోయాయి. ఆ ఫొటో గ్రూపులో పెడితే మూతి ముడుచుకున్న తల్లుల్లో ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టింది.

పాప తండ్రికి సంగతి చేరింది. ఎవరు చేర్చారో ఊహించగలం. ఆదివారం పాపని దింపడానికి వచ్చి లోపలికొచ్చారు, ఎప్పుడూ గుమ్మంలోనే ఆగే మనిషి. తను వంటింట్లోంచి రాలేదు. నేనే మంచినీళ్ళిచ్చాను. గోడ గురించి లోకల్ పేజీలో వచ్చిన చిన్న వార్త ఫోన్లో చూపించి, "ఇందులో పాప ఫొటో గానీ పేరు గానీ రాకుండా చూసుకోండి" అన్నారు. సరేనన్నాను. ఇంకేదో అనబోయి ఆగి, "నాకిది నచ్చలేదు. ఆ మాట తనకి చెప్పండి" అని చెప్పులేసుకున్నారు. కోర్టుకి ఇప్పటిదాకా వెళ్ళలేదు. వెళ్ళరని నేను రాయలేను.

గోడ 2025 వేసవిలో కట్టారు, స్కూళ్ళు తెరిచేలోపు. అనుకున్నంత కాదు. కూలిన మేర కాంక్రీటు గోడ, ఇరుకైన చోట స్లాబు, మిగతా బారునా ఇనప రెయిలింగు. రెండు ర్యాంపులు తీశారు. మెసేజ్ పెట్టిన ఆయనది అలాగే ఉంది, స్టే తెచ్చుకున్నాడు. దాని కిందే ఇప్పటికీ చెత్త ఆగుతుంది. మాస్టారు ఆ ర్యాంపు కొలతలు డైరీలో వేరే పేజీలో రాసుకున్నారు.

స్కూల్లో ఇంకో మార్పు వచ్చింది, అది నేను అడిగింది కాదు. పిల్లల్ని తీసుకెళ్ళడానికి సగం మందికి అమ్మమ్మలూ తాతయ్యలే వస్తున్నారు, తల్లి సంతకం కోసం వాళ్ళని నిలబెడుతున్నారని కమిటీలో గోల జరిగింది. ఒక పిల్లకి తల్లీ తండ్రీ ఇద్దరూ కువైట్‌లో. చివరికి తల్లి రాసిచ్చిన రెండు పేర్లతో ఒక కార్డు పెట్టారు. పేరు, ఫోను, ఫొటో, అంతే. నా కార్డు మా పాప బ్యాగుకి వేలాడుతోంది.

ఈ అలవాటు మమ్మల్ని వదల్లేదు. 2024 సెప్టెంబరు 1న కేంద్ర సామాజిక న్యాయ శాఖ మాలాంటి వాళ్ళ గురించి జనం సలహాలు పంపమని ప్రకటన ఇచ్చింది. తను రాస్తానంది, రాస్తూ ఏడ్చింది. నేను మాస్టారి మాట చెప్పాను. ఏడుపు తీసేసి, ఏయే కాగితంలో సంబంధం గడి ఉందో, దాని వల్ల ఎక్కడ పని ఆగిందో వరసగా రాశాం. ఒక పేజీ దాటలేదు. పంపాం. చదివి పెట్టమని మాస్టారికి ఇవ్వాలా వద్దా అని ఆలోచించి ఇవ్వలేదు. తర్వాత ఆయనే అడిగి చదివారు. రెండు అక్షరదోషాలు చూపించారు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ వేరు. సచివాలయం లెక్కలో నేను ఒక కుటుంబం, తనూ పాపా ఇంకో కుటుంబం, గుమ్మం ఒకటే. క్వియర్, అంటే మాలాంటి, భాగస్వాములని రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్ళుగా చూడమని 2024లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ఆ లేఖ జతచేసి మమ్మల్ని ఒకే హౌస్‌హోల్డ్‌గా మ్యాప్ చేయమని అర్జీ పెడదామని తను. అక్కడే ఉంది మెలిక. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పాప చదువుకి పదమూడు వేలు తన ఖాతాలో పడ్డాయి. పట్టణంలో నెలకి పన్నెండు వేలు దాటని కుటుంబాలకే అది. తన జీతం ఒక్కటే అయితే లోపలుంటుంది, నాది కలిస్తే బయటికి పోతుంది. మేం ఒక కుటుంబమని ప్రభుత్వం ఒప్పుకున్న రోజున మొదట పోయేది ఆ పదమూడు వేలు. పోతే పోయింది, పెడదాం అంటోంది తను. వచ్చే జూన్ దాకా ఆగుదాం, పాప బూట్లూ సైకిలూ అయ్యాక పెడదాం అంటున్నాను నేను. ఒకే ఇంటివాళ్ళం అనుకుంటూనే ఆ డబ్బు తీసుకోవడం దొంగతనమంటుంది తను. ఒప్పుకోనిది వాళ్ళు కదా, మనం కాదు కదా అంటాను. అర్జీ మాత్రం రాసి పెట్టింది, కొలతలతో సహా: వంటగది ఒకటి, కరెంటు మీటరు ఒకటి, గ్యాస్ బండ ఒకటి.